మే నెలలో 'డీప్ సీ ఫిషింగ్' ప్యాకేజీ కొన్న మా కథ

ఎండలు ముదరగానే మా హనుమకొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టర్ తిరగడం మొదలవుతుంది. నీలం సముద్రం, తెల్ల బోటు, నల్ల కళ్లద్దాల మనిషి, అతని చేతుల్లో చంటిపిల్లాడంత చేప. కింద 'సమ్మర్ స్పెషల్, ఆఫ్‌షోర్ ఫిషింగ్ ఛార్టర్, ఫ్యామిలీ ప్యాకేజీ' అని. అంటే బోటు మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ సముద్రంలోకి పోయి చేపలు పట్టొచ్చని. ఈ ఏడాది ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది. నాలుగోసారి పంపింది మా బామ్మర్ది. నాతో పాటు వచ్చి రెండుసార్లు డబ్బులు తగలేసుకున్నవాడు! వాడికే గుర్తు లేకపోతే మిగతావాళ్ల సంగతేంటని ఇది రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, ఓపికుంటే చదవండి.

చేపలంటే పడనివాడు రాసే పోస్ట్ కాదిది. ధర్మసాగర్ చెరువు కట్ట మీద గాలం వేసి పొద్దంతా కూర్చున్న రోజులు నాకు లెక్కలేనన్ని. చిన్నప్పుడు మా ఊళ్లో ఎండాకాలం చెరువు అడుగంటితే అదొక పండగ. ముందు మత్స్యకారుల సొసైటీ వాళ్లు వలలు వేసి వాళ్ల చేపలు వాళ్లు పట్టుకునేవాళ్లు. ఆ తర్వాత లూటీ. చిన్నా పెద్దా అందరూ బురదలో దిగేవాళ్లు. రెండు చేతుల్లో ఇరికించుకున్న కొర్రమీను జారిపోతే కలిగే బాధ, దిగినవాడికే తెలుస్తుంది. మృగశిర కార్తె నాటికి ప్రతి ఇంట్లో చేపల కూర ఉడికేది, ఇప్పటికీ ఉడుకుతుంది.

అంటే మన బుర్రలో ఎండాకాలమే చేపల కాలం. నీళ్లు తగ్గితే చేప దొరుకుతుంది. చెరువు దగ్గర నేర్చుకున్న ఈ లెక్కనే తీసుకెళ్లి సముద్రానికి వేశాం.

రెండేళ్ల కింద, మే నెల. పిల్లకు సెలవులు. బామ్మర్ది ఒక ఏజెంట్‌ను పట్టాడు. వైజాగ్ నుంచి బోటు, ఐదారు గంటల వేట, మధ్యాహ్నం భోజనం. అడ్వాన్సు 8,000 ఫోన్‌లో కొట్టేశాం. రాత్రి వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారి వైజాగ్‌లో దిగాం. చెప్పిన టైముకు ఫిషింగ్ హార్బర్‌కు పోతే ఏజెంట్ ఫోన్ స్విచాఫ్. ఎదురుగా వందల బోట్లు ఒకదానికొకటి ఆనించి కట్టేసి ఉన్నాయి. ఒకదానికి రంగు వేస్తున్నారు, ఇంకోదాని ఇంజన్ విప్పి పరిచారు. నీడలో కూర్చుని వల అల్లుతున్న ఒక పెద్దాయనను అడిగితే మా ముగ్గురి మొహాలూ, మా అమ్మాయి నెత్తిన కొత్త టోపీ చూసి నవ్వాడు.

"ఏటి బాబూ, నిషేదంలో ఏటకి ఎవులెల్తారు?"

తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజన్ బోట్లతో వేట నిషేధం. 61 రోజులు. 2015కు ముందు 47 రోజులే ఉండేది, తర్వాత పెంచారు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఈ రెండు నెలలు పని ఉండదని మత్స్యకార కుటుంబాలకు ఆంధ్రా ప్రభుత్వం భృతి ఇస్తుంది. ఏళ్ల తరబడి 10,000 ఉండేది, 2025లో 20,000 చేశారు. వేటే బతుకుగా ఉన్నవాళ్లు ఇంజన్ ఆపుకుని కూర్చుంటే, సరదాకు పోయే మనం ఏజెంట్‌కు డబ్బులు కట్టి మరీ రైలెక్కాం. మన బడి సెలవులు సరిగ్గా ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారంలో అయిపోతాయి. నిషేధంలో పడని రోజు ఒక్కటంటే ఒక్కటి లేదు!

సిగ్గనిపించే ముచ్చట ఇంకోటుంది. సముద్రంలో చేపలు ఎక్కడ ఉండొచ్చో తీరం మొత్తానికీ చెప్పే ఆఫీసు మన హైదరాబాద్‌లోనే ఉంది. ఇన్‌కాయిస్, ప్రగతి నగర్‌లో. ఉపగ్రహాలు చూపించే నీటి వేడినీ, పచ్చదనాన్నీ బట్టి ఫలానా చోట చేపలుండే అవకాశం ఉందని మత్స్యకారులకు సూచనలు పంపిస్తారు. అలలు ఎంత ఎత్తు లేస్తాయో కూడా ముందే చెప్తారు. నిషేధ కాలంలో చేపల సూచనలు ఆపేస్తారు. సముద్రమే లేని ఊళ్లో కూర్చుని వాళ్లకు అన్నీ తెలుసు. వాళ్లకు రెండు మూడు గంటల దూరంలో ఉన్న నాకు తేదీ కూడా తెలియదు.

ఆ 8,000 తిరిగి రాలేదు. సరే, అక్కడితో బుద్ధి రావాలి కదా. రాలేదు. మరుసటేడు మా బామ్మర్ది తెలివి పడమటికి తిరిగింది. "బావా, గోవా వైపు జూన్ ఒకటి దాకా నిషేధం లేదు, నేను చూసిన." నిజమే, పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా. మే రెండో వారంలో పోతే చట్టం అడ్డం రాదు. మనిషికి 3,500 చొప్పున నలుగురికి 14,000. ఈసారి మా ఆవిడ కూడా బయల్దేరింది. బోటు నిజంగానే వచ్చింది. అంతవరకు ఏజెంట్‌ను మెచ్చుకోవాలి.

ఎక్కాక తెలిసింది, పిల్లల సైజు లైఫ్ జాకెట్ లేదని. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు. పెద్దవాళ్ల జాకెట్ తొడిగితే భుజాలు చెవుల దాకా లేచాయి, కింద పట్టీ లేదు. నీళ్లలో పడితే జాకెట్ తేలుతుంది, పిల్ల కింది నుంచి జారిపోతుంది. "ఏం కాదు సార్, సముద్రం శాంతంగా ఉంది" అన్నాడు బోటువాడు. నేను దిగిపోదామన్నా. అప్పుడు వాళ్లే ఎక్కడినుంచో ఒకటి పట్టుకొచ్చారు. అడగకపోతే వచ్చేది కాదు కదా?

ఇక వేట. ఇంజన్ నడుస్తున్నంతసేపు హాయిగానే ఉంటుంది. చేపల కోసం ఆపుతారు చూడండి, అప్పుడు మొదలవుతుంది. బోటు ముందుకు పోదు, ఉన్నచోటే ఊగుతుంది. డీజిల్ వాసన, ఎర కోసం కోసిన రొయ్యల వాసన, నెత్తిన సూర్యుడు, కింద నీళ్ల నుంచి కొట్టే ఇంకో సూర్యుడు. వరంగల్‌లో 44 డిగ్రీలు చూసిన మాకు ఇదేం ఎండ అనుకున్నాం. మా ఆవిడ అరగంటలో తల తిరిగి పడుకుంది. వాంతులు రాకుండా వేసుకునే అవొమిన్ బిళ్ల సంచిలో ఉంది, కానీ అది బోటు ఎక్కకముందే వేసుకోవాలి. తల తిరగడం మొదలయ్యాక మింగితే, మింగిన బిళ్లే బయటికొస్తుంది. బామ్మర్దికి జరిగింది అదే.

రాడ్లు ఫొటోలకే. పట్టింది మాత్రం ప్లాస్టిక్ చక్రానికి చుట్టిన నైలాన్ తాడుతో, కింద సీసం ముక్క కట్టి. దొరికినవి అరచేయంత గులాబీ రంగు చేపలు తొమ్మిది. మా అమ్మాయి ఒక్కతే ఐదు పట్టింది, అబద్ధం ఎందుకు, ఆ మొహం చూస్తే నా 14,000 కాసేపు మర్చిపోయా.

మరి పోస్టర్‌లో చేప ఏమైంది? అది కొమ్ముకోనెం, మూతి బల్లెంలా పొడుచుకొచ్చే సముద్రపు చేప. అదీ, సూర అనే ట్యూనా చేపా లోతు నీళ్లలో తిరుగుతాయి. అడుగున లోతు తక్కువ నేల అయిపోయి సముద్రం ఒక్కసారిగా లోతెక్కే చోటు గోవా దగ్గర ఒడ్డుకు వంద కిలోమీటర్ల పైనే. మేం ఎక్కిన బోటు గంటకు పద్దెనిమిది కిలోమీటర్లు పోతుందనుకోండి. ఆరు గంటల ట్రిప్పులో మూడు గంటలు వేటకు తీసేస్తే, పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. మహా అయితే ఇరవై ఏడు కిలోమీటర్లు. మేం అంత కూడా పోలేదు, ఒడ్డు మీది బిల్డింగులు కనపడుతూనే ఉన్నాయి. 'డీప్ సీ' అనే మాట ఎక్కడ రాసున్నా ఈ కూడికలు తీసివేతలు చేసుకోండి. వైజాగ్ వైపు ఆ లోతు ఒడ్డుకు దగ్గర, అందుకే అక్కడ చిన్న పడవల వాళ్లు కూడా గాలాలతో సూర పట్టుకొస్తారు. అండమాన్‌లో ఇంకా దగ్గర.

నాకు కోపం తెప్పించింది మాత్రం ఇంకోటి. 'పట్టి వదిలేస్తాం, జీవహింస ఉండదు' అని వాళ్ల ప్రచారం. మా పక్క గ్రూపు వాళ్లు ఒక చేపను పట్టుకుని, ఒకరి చేతిలోంచి ఒకరు మార్చుకుంటూ, సెల్ఫీలు అయ్యాక నీళ్లలో వేశారు. పొట్ట పైకి తేలింది. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. కొట్టుకుని కొట్టుకుని అలిసిన చేప తేరుకోవాలంటే అదే ఎక్కువ కావాలి. లోతు నుంచి గబగబా లాగిన గ్రూపర్ లాంటి అడుగున బతికే చేపకైతే లోపలి గాలితిత్తి ఉబ్బి, వదిలినా కిందికి పోలేకపోతుంది. వదిలేయాలనుకుంటే చేపను అలిసిపోయేదాకా ఆడించొద్దు, అది నీళ్లలో ఉండగానే కొక్కెం తీయాలి, ఫొటో మానుకోవాలి. లేదంటే వండుకు తినండి. మా తొమ్మిదీ హోటల్లో వేయించుకు తిన్నాం.

ఇదంతా వాట్సాప్ గ్రూపులో చెప్తే ఒకాయన "ఎంజాయ్ చేయడానికి పోతే ఈ లెక్కలేంది అన్నా" అన్నాడు. తమ్ముడూ, మేలో బంగాళాఖాతం పైనీళ్లు 29, 30 డిగ్రీలుంటాయి. తుఫాను పుట్టడానికి ఆ వేడి చాలు. 2010 మేలో లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది, 2022 మేలో అసని వచ్చింది. పొద్దున శాంతంగా ఉన్న సముద్రం ఎల్లుండి ఎలా ఉంటుందో ఏజెంట్‌కు తెలియదు, నీకూ తెలియదు. నేను ఏజెంట్లను అడిగే ప్రశ్నలు కష్టమైనవి కావు. నిషేధం ఎప్పటిదాకా, ఒడ్డు నుంచి ఎంత దూరం పోతారు, మనుషుల్ని ఎక్కించే పర్మిషన్ ఉందా, పిల్లల జాకెట్ ఉందా. మొన్న పోస్టర్ కింద ఉన్న నంబరుకు ఇవే పంపా. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. బోటు తేదీ మాత్రం మే 18 అని ఇంకా అలాగే ఉంది.

మా అమ్మాయి మాత్రం వదలట్లేదు. అండమాన్ కావాలట. అక్కడ మే మూడో నాలుగో వారానికల్లా రుతుపవనాలు దిగుతాయి కాబట్టి ఎండాకాలం మాట ఎత్తొద్దన్నా. ఫిబ్రవరి అనుకున్నాం. ఫిబ్రవరిలో బడి ఉంటుంది. లీవ్ లెటర్‌లో జ్వరం అని రాద్దామంటే మా ఆవిడ సరే అంది. పిల్ల ఒప్పుకోలేదు. నిన్న రాత్రి తనే రాసి చూపించింది: "చేపలు పట్టుటకు ఐదు రోజులు సెలవు ఇప్పించగలరు." సంతకం పెట్టాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.