పెద్దవాళ్ళు ఏఐని పాడు చేస్తున్నారు

పెద్దవాళ్ళకు ఏఐ నేర్పాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. నేర్పాలి, కాదనను. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ మహత్కార్యం ఎటు పోతోందో ఎవరూ పట్టించుకోవడం లేదు. యంత్రం చెప్పింది విని తల ఊపాల్సిన వయసులో వీళ్ళు దాన్నే కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తున్నారు. సమాజం మేలు కోరేవాడిగా ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

శిక్షణలో లోపమా అంటే, లేదు. మన పద్ధతి చాలా గొప్పది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి కొడుకు దిగుతాడు. తండ్రి చేతిలోని ఫోను లాక్కుని, వాట్సాప్‌లో ఏఐ ఉండే ఆ గుండ్రటి బొమ్మ నొక్కి, టకటకా ఏదో కొట్టి, జవాబు రాగానే "చూశావా నాన్నా, అంతే, చాలా సింపుల్" అని ఫోను తిరిగిచ్చేస్తాడు. నాన్నగారు కళ్ళజోడు వెతుక్కునేలోపు కోర్సు పూర్తి. మళ్ళీ అడిగితే "మొన్ననే కదా చెప్పాను" అనే రివిజన్ క్లాసు కూడా ఉంది. ఇంత క్లుప్తమైన చదువు నలందాలో కూడా చెప్పి ఉండరు. అయినా ఫలితం లేదంటే తప్పు విద్యార్థులదే అయివుండాలి.

ముఖ్యంగా వీళ్ళకు పొట్టిగా అడగడం రాదు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానంలో, కవిటి వైపు ఒక మామ్మకు మోకాళ్ళ నొప్పులు. మనవడు ఫోను తీసి "మోకాలి నొప్పికి ఏ మాత్ర మంచిది" అని చక్కగా ఒక్క ముక్కలో అడిగాడు. యంత్రం నాలుగు మాత్రల పేర్లు చెప్పి, అలవాటుగా డాక్టరును కలవమంది. మర్యాదస్తులైతే అక్కడితో ఆపుతారు. మామ్మ ఫోను తనవైపు తిప్పుకుంది.

"సూడు బాబూ, మాది ఉద్దానం. మా ఆయన డయాలసిస్ మీద పోనాడు. నాకూ క్రియాటినిన్ ఎక్కువుందని పలాస ఆసుపత్రిలో సెప్పినారు. బీపీకి పొద్దున్నొక మాత్ర ఏసుకుంటాను. మొన్న జీడిపిక్కల పనికెల్లి కూకున్నదాన్ని లెగలేకపోనాను..."

మనవడు తల పట్టుకున్నాడు. యంత్రం ఆ యాసలో సగం ముక్కలు తప్పుగా రాసుకుంది కూడా. కానీ కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఆ 'క్రియాటినిన్' మాట దగ్గర మాత్రం దానికి భయం పట్టుకుంది. ఇందాక తానే చెప్పిన మాత్రల్లో మూడు కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకు హాని చేసే రకమనీ, కిడ్నీ డాక్టరుకు చెప్పకుండా వేసుకోవద్దనీ మాట మార్చింది. పోనీ ఆ మాటైనా నమ్మిందా? లేదు. ఆశా కార్యకర్తను పిలిచి మళ్ళీ చదివించుకుంది. ఆ అమ్మాయీ అదే చెప్పాక, పలాస బస్సెక్కి డాక్టరును కూడా అడిగి వచ్చింది.

ఎంత కాలం వృథా! ఇలా ముందూ వెనకా మొత్తం చెప్పి అడగడాన్ని పెద్ద ఊళ్ళలో 'ప్రాంప్టింగ్' అంటారు. డబ్బు కట్టించుకుని నేర్పుతారు, సర్టిఫికెట్టు ఇస్తారు. పైసా ఫీజు లేకుండా ఉద్దానంలో మోకాళ్ళు పట్టుకు కూర్చున్న మనిషి ఆ పని చేసేస్తే ఆ సర్టిఫికెట్ల గతేం కాను?

విజయనగరంలో రోగం ఇంకా ముదిరింది. రైల్వేలో గార్డుగా రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. పింఛను ఆగకుండా, తాను బతికే ఉన్నానని ఏటా నవంబరులో రుజువు చేసుకుంటారు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక అది ఆన్‌లైన్ అయింది, తర్వాత ముఖం చూపించే సదుపాయం వచ్చింది. ఇప్పుడు ఫోను కళ్ళు ఆర్పమంటుంది, ఈయన ఆర్పుతారు, ఇంకో ఏడాదికి బతికినట్టు లెక్క. టెక్నాలజీ మీద ఇంత గౌరవం ఉన్న మనిషి ఏఐ దగ్గర ఎంత అమర్యాదగా ప్రవర్తించారో వినండి.

ఊళ్ళో జరిగే పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం ఎప్పుడని అడిగారు. యంత్రం ఒక గురువారం తేదీ చెప్పింది, బొద్దు అక్షరాల్లో. చదువుకున్న వాళ్ళకు అది చాలు. ఆయన అల్లుడు వెంటనే ఆ తేదీకి రైలు టిక్కెట్టు తీసేశాడు కూడా. ఈయన మాత్రం "సిరిమాను గురువారం ఏమిటయ్యా, విజయదశమి దాటాక వచ్చే మంగళవారం కదా?" అన్నారు. "మీరు చెప్పింది నిజమే, క్షమించండి, మంగళవారమే" అంది యంత్రం. "కాదేమో, బుధవారమేమో" అన్నారు ఈయన, కావాలనే. "అవును, బుధవారమే, గుర్తు చేసినందుకు ధన్యవాదాలు" అంది.

ఆయన ఫోను బోర్లా పెట్టేసి, "ఏమన్నా ఔననేవాడితో ముప్పై ఏళ్ళు ఒకే ఆఫీసులో పనిచేశాను. వీడి సంగతి నాకు తెలుసు" అన్నారు. వేల కోట్లు పోసి తయారుచేసిన యంత్రాన్ని రిటైరైన సహోద్యోగితో పోల్చడం ఏం సంస్కారం? శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగితే ఊళ్ళోకి నడిచి వెళ్ళిపోవచ్చని అది చెప్పినప్పుడు కూడా ఇలాగే నవ్వారు. స్టేషన్ ఊరికి దూరంగా ఆమదాలవలసలో ఉంటే మాత్రం? కుర్రాళ్ళు కాదనకుండా నడవడం లేదూ?

మోసగాళ్ళకు కూడా వీళ్ళతో టెన్షనే. మనవడి గొంతును అచ్చంగా దింపి ఫోన్లు చేసే రోజులివి. "మామ్మా, యాక్సిడెంటైంది, అర్జెంటుగా డబ్బు పంపించు" అని ఏడుపు వినిపిస్తే గుండె కరగాలి. శ్రీకాకుళం మామ్మ ఏమంటుంది? "ఎవరి తాలూకు బాబూ నువ్వు? మీ అమ్మ పుట్టిల్లు ఏ ఊరు?" కృత్రిమ మేధకు అన్ని పుస్తకాలూ తెలుసు, పాపం, వియ్యాలవారి ఊరు తెలియదు. లైను కట్. పైగా సైబర్ నేరాల నంబరు 1930ని గోడ మీద, పాలవాడి లెక్కల పక్కన, బొగ్గుతో రాసి పెట్టుకుంది.

ప్రభుత్వం చేసేది ప్రభుత్వం చేస్తోంది. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవల్ని వాట్సాప్‌లోకే తెచ్చింది. వీళ్ళు అందులో అర్జీ పెట్టి, మర్నాడు ఊళ్ళోని సచివాలయానికి వెళ్ళి "మా కాగితం ఎక్కిందా?" అని కంటితో చూసుకుని వస్తారు. ఒకటో తారీఖున నాలుగు వేల పింఛను గుమ్మంలోకే వస్తోంది కాబట్టి, మనిషే ఇంటికొచ్చి పనిచేసి పెట్టడం అనే పాత అలవాటు వీళ్ళకు ఇంకా పోలేదు.

అందుచేత అరవై దాటిన వాళ్ళందరికీ ఒక అర్హత పరీక్ష పెట్టాలని అధికారులకు మనవి చేస్తున్నాను. ప్రశ్న ఒక్క లైను దాటకూడదు. జబ్బులు, బంధుత్వాలు, గత చరిత్ర నిషిద్ధం. జవాబు వచ్చాక "ఎవరు సెప్పినారు?" అంటే సగం మార్కులు కోత, పక్కవాళ్ళను అడిగితే డిబార్. యంత్రం మూడుసార్లు మాట మార్చినా మూడుసార్లూ నమ్మినవాళ్ళకు డిస్టింక్షన్. పరీక్ష విజయనగరంలో, యంత్రం చెప్పిన ఆ గురువారమే పెట్టొచ్చు. ఇన్విజిలేటరుగా ఆ అల్లుడుగారు ఎలాగూ ఊళ్ళో ఖాళీగానే ఉంటారు.