నవ్విన నాపచేను

1964 జులైలో ఒక సాయంత్రం. న్యూయార్క్‌లో తల్లిదండ్రుల ఇంటికి వచ్చిన లొత్ఫీ జాదే వెళ్లాల్సిన విందు రద్దయింది. ఇంట్లో ఒక్కరే ఉండిపోయారు. అప్పటికి ఆయన వయసు 43. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ విభాగానికి అధిపతి. ఎంతోకాలంగా మనసులో నలుగుతున్న ఒక ప్రశ్న ఆ రాత్రి దారికి వచ్చింది. పొడుగు, వేడి, దగ్గర లాంటి మాటలకు గీత గీసినట్టు హద్దు ఉండదు. మరి గణితం వాటిని ఎలా పట్టుకోవాలి? 1965లో ‘ఫజీ సెట్స్’ (మసక సమితులు) పేరుతో ఆయన అచ్చువేసిన వ్యాసం దానికి జవాబు.

పాత సమితి సిద్ధాంతంలో ఒక వస్తువు సమితిలో ఉంటుంది, లేదంటే ఉండదు. ఉంటే 1, లేకపోతే 0. జాదే ఆ రెంటి మధ్య ఉన్న జాగా అంతా తెరిచారు. ఆరడుగుల మనిషి ‘పొడుగువాళ్ల’లో 0.9 మేరకు, అంతకన్నా కాస్త తక్కువున్న మనిషి 0.6 మేరకు ఉండొచ్చు. ఇది సంభావ్యత కాదు. చాలామంది ఇప్పటికీ తడబడేది ఇక్కడే. వాన పడే అవకాశం 60 శాతం అంటే, పడుతుందో లేదో మనకు తెలియదని అర్థం. మనిషి ఎత్తు మాత్రం అంగుళాలతో సహా తెలుసు. మసక ఉన్నది మన సమాచారంలో కాదు, ‘పొడుగు’ అనే మాట అంచులో. ‘కాస్త’, ‘ఓ మోస్తరు’, ‘బాగానే’ అంటూ రోజంతా మనం మాట్లాడేది ఈ లెక్కలోనే. 1973లో జాదే ఇలాంటి మాటలనే విలువలుగా తీసుకుని, ‘ఇలా ఉంటే అలా చెయ్యి’ అని నియమాలు రాసే పద్ధతి చూపించారు.

ఖచ్చితమైన గణితం చేతకాక ఆయన ఈ దారి పట్టారని ఎవరూ అనలేరు. 1921లో అజర్‌బైజాన్‌లోని బాకూలో పుట్టి, పదేళ్ల వయసులో టెహ్రాన్ చేరి, అక్కడే ఇంజినీరింగ్ చదివి, 1944లో అమెరికా వెళ్లిన మనిషి. తండ్రి ఇరాన్‌కు చెందిన అజర్‌బైజానీ జర్నలిస్టు, తల్లి ఒడెస్సా యూదు కుటుంబం నుంచి వచ్చిన పిల్లల డాక్టరు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 1949లో పీహెచ్‌డీ. 1952లో జాన్ రగజీనీతో కలిసి జెడ్-ట్రాన్స్‌ఫార్మ్ పద్ధతిని నిలబెట్టారు. కాస్త కాస్త వ్యవధిలో తీసిన కొలతలతో నడిచే వ్యవస్థలను లెక్కకట్టే గణితమది. ఇప్పటికీ డిజిటల్ కంట్రోల్ (యంత్రాలను కంప్యూటర్‌తో అదుపు చేసే విద్య) చదివే విద్యార్థి అది దాటకుండా ముందుకు పోలేడు. 1963లో చార్లెస్ డెసోయర్‌తో రాసిన లీనియర్ సిస్టమ్స్ గ్రంథం పాఠ్యపుస్తకమైంది. అంత పేరున్న రంగాన్ని పక్కనపెట్టి, పేరులోనే ‘మసక’ ఉన్న విషయాన్ని ఆయన భుజాన వేసుకున్నారు.

పడిన దెబ్బలు మామూలువి కావు. కొలంబియాలోనే పీహెచ్‌డీ చేసిన రుడాల్ఫ్ కాల్మన్, కంట్రోల్ సిద్ధాంతంలో మహా దిగ్గజం, 1972లో ఒక సదస్సులో ఇది శాస్త్రంలో విచ్చలవిడితనమని విమర్శించారు. బర్కిలీలోనే పనిచేసే విలియం కాహన్ ఈ సిద్ధాంతం తప్పు మాత్రమే కాదు, హానికరం కూడా అన్నారు. కంప్యూటర్లు దశాంశాలను తప్పు లేకుండా లెక్కించేందుకు జీవితం ధారపోసిన కాహన్‌కు ఆ కోపం రావడం అర్థం చేసుకోదగ్గదే. జాదే విమర్శను దాచలేదు, విమర్శకులతో మాట్లాడటం మానలేదు. పనీ మానలేదు.

ఆ పని ముందుగా చేతికి అందింది లండన్‌లో. క్వీన్ మేరీ కాలేజీలో ఇబ్రహీం మమ్దానీ, ఆయన విద్యార్థి అసిలియన్ 1970ల నడుమ ఒక చిన్న ఆవిరి ఇంజన్‌ను ఫజీ నియమాలతో నడిపారు. ఇంజన్‌కు పూర్తి గణిత సమీకరణం రాయలేదు. అనుభవమున్న ఆపరేటర్ ఎలా ఆలోచిస్తాడో దాన్నే మాటల్లో రాశారు: ఒత్తిడి కొంచెం ఎక్కువైతే వేడి కొంచెం తగ్గించు. తర్వాత డెన్మార్క్ ఇంజినీర్లు సిమెంటు బట్టీలను అదే తీరున నడిపారు. బట్టీ లోపల ఏం జరుగుతోందో సమీకరణాలకు లొంగదు, దాని ముందు ఏళ్ల తరబడి నిలబడ్డ మనిషికి మాత్రం తెలుసు. చివరికి 1987 జులైలో జపాన్‌లోని సెండాయ్ నగరంలో హిటాచీ ఇంజినీర్లు రూపొందించిన ఫజీ కంట్రోలర్‌తో మెట్రో రైళ్లు పరుగెత్తాయి. బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లు తూలకుండా, ప్లాట్‌ఫాం మీద ఆగాల్సిన చోటే ఆగే రైళ్లవి. ఆపై వాషింగ్ మెషిన్లు, కెమెరాలు వచ్చాయి. జపాన్‌లో ‘ఫజీ’ ఇంటింటి మాటైంది.

1965 నుంచి 1987 దాకా 22 ఏళ్లు. మేము చెప్పదలచుకున్నది ఈ అంకె గురించే. నేడు పరిశోధనకు డబ్బు మూడేళ్లకో ఐదేళ్లకో ఇస్తున్నారు. ఏటా ఎన్ని పేపర్లు, ఇతరుల పేపర్లలో వాటికి ఎన్ని ప్రస్తావనలు అని లెక్క అడుగుతున్నారు. ఆ లెక్కలో 1970 నాటి జాదే నిలిచేవారా? అప్పటికే శాశ్వత ప్రొఫెసర్ కాబట్టి ఆయన ఉద్యోగానికి టెన్షన్ లేదు. అదే ఆలోచన ఒప్పంద ఉద్యోగంలో ఉన్న 29 ఏళ్ల పరిశోధకురాలికి వచ్చి ఉంటే, ఆమె దాన్ని సొరుగులో పెట్టి భద్రమైన అంశం ఎంచుకునేది. అలా సొరుగుల్లో మిగిలినవాటికి లెక్క ఉండదు. పరిశోధన నిధుల్లో కొంత భాగం పదేళ్లకు తక్కువ కాకుండా, ఏటేటా ఫలితం అడగకుండా ఇవ్వాలి. అందులో చాలా భాగం ఫలించకపోవచ్చు. ఆ నష్టం ముందే ఒప్పుకుని ఇవ్వాలి.

విమర్శకులు అన్నదంతా తప్పని మేము అనడం లేదు. యంత్రం చూసుకోవాల్సిన కొలతలు (ఇన్‌పుట్‌లు) పెరిగేకొద్దీ నియమాల సంఖ్య చేయిదాటిపోతుంది. ఈ పద్ధతి తప్ప వేరే దారి లేని సమస్య చూపించమని వాళ్లడిగింది న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్న అడిగినందుకు వాళ్లనూ, అడిగించుకున్నందుకు జాదేనూ ఏ విశ్వవిద్యాలయమూ బయటికి పంపలేదు. ఎలక్ట్రికల్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం ఐఈఈఈ 1974లో కాల్మన్‌కు ఇచ్చిన మెడల్ ఆఫ్ ఆనర్‌నే 1995లో జాదేకూ ఇచ్చారు.

1991లో రిటైరైన తర్వాత కూడా ఆయన ఆగలేదు. 2011లో, 90 ఏళ్ల వయసులో ‘జెడ్-సంఖ్యలు’ ప్రతిపాదించారు. ఒక అంచనా చెప్పి, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో కూడా పక్కనే చెప్పే జంట సంఖ్యలవి. తప్పు జవాబును కూడా తొణకకుండా చెప్పే యంత్రాలు మన చేతుల్లోకి వచ్చిన ఈ రోజుల్లో, జవాబును ఎంత నమ్మొచ్చో చెప్పించే ఆ పని ఇంకా పూర్తి కాలేదు. జాదే 2017 సెప్టెంబర్ 6న, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పదేళ్లప్పుడు వదిలి వచ్చిన బాకూలోనే ఆయన్ను ఖననం చేశారు.