పంచ్ గారి స్థానికత గురించి ఒక బహిరంగ లేఖ

పంచ్ గారికి,

నమస్కారం. పెళ్లికి వెళ్తే గేటు దగ్గరే ట్రేలో ఎదురొస్తారు. ఎర్రగా, తియ్యగా, గ్లాసు అంచుకి ఒక నిమ్మకాయ బిళ్ల తగిలించుకుని మరీ పలకరిస్తారు. మాలో సీటుకో ఉద్యోగానికో దరఖాస్తు పెట్టే ప్రతివాడినీ అడిగే ప్రశ్నే మిమ్మల్నీ అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు లోకలా, నాన్‌లోకలా?

నవ్వకండి. మా రెండు రాష్ట్రాల్లోనూ ఇది చిన్న ప్రశ్న కాదు. ఏ తరగతి ఏ ఊళ్లో చదివామో స్టడీ సర్టిఫికెట్లు తేవాలి, జిరాక్సులు తీయించాలి, మీసేవ దగ్గర లైన్లో నిలబడాలి. మీరు మాత్రం దగ్గర దగ్గర నాలుగు వందల ఏళ్లుగా ఒక్క కాగితమూ చూపించకుండా ఇంగ్లిష్ దొరల పానీయంగా చెలామణి అయిపోతున్నారు.

కాగితం లేక కాదు. ఉంది. మీరే బయటపెట్టడం లేదు.

1632 సెప్టెంబర్ 28న రాబర్ట్ ఆడమ్స్ అనే ఈస్టిండియా కంపెనీ మనిషి థామస్ కాలీ అనే కంపెనీ వర్తకుడికి ఒక ఉత్తరం రాశాడు. ఇంగ్లిష్ రాతల్లో పానీయంగా మీ పేరు మొట్టమొదట దొరికేది అందులోనే అంటారు. ఆ ఉత్తరం అందుకున్న కాలీ లండన్లో లేడు. బ్రిస్టల్‌లోనూ లేడు. పెటపోలిలో ఉన్నాడు. పెటపోలి అంటే మా నిజాంపట్నం, ఇప్పటి బాపట్ల జిల్లా. చేపల రేవు ఉన్న ఊరు. అక్కడి వాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే. మీకు తెలిసి కూడా ఎప్పుడూ నోరు విప్పలేదు, అదీ నా బాధ.

ఉత్తరంలో ఆడమ్స్ ఏం రాశాడంటే, కార్ట్‌రైట్ గారి లాంటి మంచి తోడు దొరికినందుకు చాలా సంతోషం, ఇద్దరూ ఇల్లు చక్కగా నడుపుకోండి, పంచ్‌ని 'అలవెన్స్' లేకుండా తాగండి అని. అలవెన్స్ అంటే అప్పట్లో మనిషికి ఇంత అని కొలిచి ఇచ్చే వాటా. కాబట్టి కొలతా పాడూ పెట్టుకోకుండా తాగమన్నాడని నేను చదువుకుంటున్నాను. అసలు ముట్టుకోవద్దన్నాడని వాదించాలంటే వాదించవచ్చు కూడా. కానీ సముద్రపు ఒడ్డున, సెప్టెంబర్ ఉక్కపోతలో, గుడ్డల బేళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్న ఇద్దరు వర్తకులకి ఆ వాక్యం ఎలా అర్థమై ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

ఇంగ్లిష్ వాళ్లు మా తీరానికి వచ్చింది 1611లో. గ్లోబ్ అనే ఓడలో వచ్చి, పెటపోలిలోనూ మచిలీపట్నంలోనూ దిగి, కలంకారీ బట్టల బేరం మొదలుపెట్టారు. అప్పుడు ఈ రేవులన్నీ గోల్కొండ కుతుబ్‌షాహీలవి. మీ పేరు కాగితం మీదకి ఎక్కిన 1632లోనే సుల్తాను వాళ్లకి బంగారు ఫర్మానా ఇచ్చాడని చరిత్ర పుస్తకాలు చెప్తాయి. ఏడాదికి 500 పగోడాలు, అంటే వరహాలు, కట్టి గోల్కొండ రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోమని దాని సారాంశం. బట్టలకి ఫర్మానా ఉంది, పన్నుకి లెక్క ఉంది. మీ పేరు మీద ఏ లెక్కా కనబడదు.

సరే, పేరు దగ్గరికి వద్దాం. అసలు పంచాయితీ అక్కడే ఉంది.

కంపెనీ వైద్యుడు జాన్ ఫ్రయర్ 1670లలో పడమటి తీరంలో తిరిగి, చూసినవన్నీ రాసుకుని, 1698లో పుస్తకంగా అచ్చు వేయించాడు. గోవా సారాతో ఇంగ్లిష్ వాళ్లు ఒళ్లు నీరసింపజేసే ఒక పానీయం చేసుకుంటున్నారని, ఐదు సరుకులు కలుస్తాయి కాబట్టి హిందుస్తానీలో ఐదుకి ఉన్న మాటతో దానికి 'పాంచ్' అని పేరు వచ్చిందని అందులో రాశాడు. ఆ ఐదు ఏవో మామూలుగా చెప్పే లెక్క ఇది: సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, ఒక మసాలా దినుసు. ఈ కథ మాకు భలే నచ్చింది. నచ్చక ఏం చేస్తుంది? ఐదు అనగానే మాకు పంచాంగం, పంచామృతం, పంచభూతాలు వరసగా నోటికి వస్తాయి. ఆ వరసలో చివరి కుర్చీ వేసి మిమ్మల్ని కూర్చోబెట్టేశాం.

అయితే మీ లెక్క అన్నిసార్లూ ఐదుకి తేలదు. 1638లో సూరత్‌లో దిగిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో చెప్పిన పంచ్‌లో సారా, గులాబీ పన్నీరు, నిమ్మరసం, చక్కెర, అంతే. నాలుగు. ఆ తర్వాత వచ్చిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ బెంగాల్లో చూసినదాంట్లో నల్లబెల్లంతో కాచిన సారా, నిమ్మరసం, నీళ్లు, పైన కాస్త జాజికాయ. ఇవీ నాలుగే. నోటికి బావుంటుంది గానీ ఒంటికి చేటని ఆయన తీర్పు. బార్బడోస్ వాళ్ల పాటలో పులుపు ఒకటి, తీపి రెండు, ఘాటు మూడు, నీరు నాలుగు. మళ్లీ నాలుగే. ఫ్రయర్ గారు తెలివైనవాడు. మా వైద్యులు ఐదు కలిపితే ఒక గ్రీకు పేరు, నాలుగు కలిపితే ఇంకో గ్రీకు పేరు పెట్టినట్టే ఇదీ అని రెండు వైపులా గొడుగు పట్టి పక్కకి జరిగాడు.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు ఇంకో పేచీ పెట్టారు. ఆ రోజుల్లో ఇంగ్లండులో మీ పేరుని 'పుంచ్' అన్నట్టు పలికేవాళ్లట. పాంచ్ అని విన్నవాడు పుంచ్ అని ఎందుకు రాస్తాడు అని వాళ్ల ప్రశ్న. మరి ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఓడల్లో సారా నింపే 'పంచియన్' అనే పెద్ద పీపా పేరుని నావికులు కత్తిరించి ఉంటారని అనుమానం. ప్రశ్న న్యాయమైనదే, ఒప్పుకుంటాను. ఒక్క మనవి మాత్రం. పేరు పీపాదే కావచ్చు, పీపాలో పోసింది ఎవరిది? సారా ఇక్కడిది, చక్కెర ఇక్కడిది, నిమ్మకాయ ఇక్కడిది, నీళ్లు ఇక్కడివి. జాజికాయ ఒక్కటే ఇంకాస్త తూర్పు దీవుల నుంచి వచ్చింది. ఇంగ్లండు వాటా గరిటె తిప్పిన చెయ్యి మాత్రమే.

ఆ చెయ్యి తిప్పిన తిప్పుడు కూడా తక్కువేం కాదు. 1670ల నాటికే మద్రాసులో పంచ్ హౌస్‌లు, అంటే మిమ్మల్ని అమ్మే తాగుడు దుకాణాలు, వెలిశాయి. జీతాల రోజున ఆ దుకాణాల వాళ్లు కాచుక్కూచుని బాకీలు పట్టుకోకూడదని ఆజ్ఞ జారీ చేయాల్సి వచ్చింది. ఈ ఒక్క విషయంలో మీరు నూటికి నూరుపాళ్లు లోకల్, సర్టిఫికెట్ అక్కర్లేదు. 1694లో స్పెయిన్‌లోని కాడిజ్‌లో అడ్మిరల్ ఎడ్వర్డ్ రస్సెల్ ఒక తోటలో ఫౌంటెన్ తొట్టినే మీతో నింపించాడని, ఒక కుర్రాడు బుల్లి పడవలో తిరుగుతూ అతిథులకి వడ్డించాడని ఒక కథ ఉంది. నిజమో కాదో గానీ, విన్నాక మా పెళ్లి విందుల ఆర్భాటం మీద నాకు కోపం కొంచెం తగ్గింది.

బోస్టన్ సంగతి మాత్రం కథ కాదు. 1768లో రాజు మాట వినడానికి ఒప్పుకోని 92 మంది మసాచుసెట్స్ శాసనసభ్యుల గౌరవార్థం పాల్ రివియర్ అనే వెండి పనివాడు ఒక వెండి గిన్నె చేశాడు. అది పంచ్ గిన్నె. ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉంది. అప్పటికి మీరు మా సారాని వదిలేసి కరీబియన్ రమ్‌తో కాపురం పెట్టారు. ఆ రమ్ము, అందులో పడే చక్కెర బానిసలు చెరకుతోటల్లో ఒళ్లు హూనం చేసుకుంటే వచ్చినవి. స్వేచ్ఛ పేరు చెక్కిన గిన్నెలో అవి కలుపుకుని తాగారు. మీరు ఏ గిన్నెలోనైనా ఒదిగిపోతారు, అందులో మీకు సాటి లేదు.

ఇక మీ చుట్టాలు. సగం మంది దొంగ చుట్టాలు. 1841లో లండన్లో మొదలైన పంచ్ పత్రిక మీ పేరిట కాదు, ఇటలీ నుంచి వచ్చిన ముక్కు పొడుగు బొమ్మలాట పాత్ర పేరిట పుట్టింది. అయినా తొలి సంపాదకుల్లో ఒకాయన పేరు మార్క్ లెమన్ కావడంతో, నిమ్మకాయ లేనిదే పంచ్ ఏముంది అని ఒక జోకు అంటగట్టి మిమ్మల్నీ అందులోకి లాగారు. ఆ పత్రికని చూసి 1877లో లక్నోలో 'అవధ్ పంచ్' అని ఉర్దూలో వ్యంగ్య పత్రిక పెట్టారు. గుద్దే పంచ్ వేరే వంశం. 'పంచ్ డ్రంక్' అంటే మిమ్మల్ని తాగినవాడు కాదు, బాక్సింగులో తలకి దెబ్బలు తిని తూలేవాడు. మా సినిమాల్లో పంచ్ డైలాగులు, ఆఫీసు గుమ్మం దగ్గర వేలితో కొట్టే పంచ్, వీటిలో ఏదీ మీ ఇంటిది కాదు. పండక్కి వచ్చి భోజనం చేసి వెళ్తుంటే మీరు ఒక్కరినీ కాదనలేదు.

మీ అసలు రక్తసంబంధం సారాతో. ఆ సంగతి మా నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లని అడగండి. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న వాళ్లు, రోశమ్మ ముందుండగా, 1992లో సారా దుకాణాలు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబర్ 1 నుంచి సారాని నిషేధించారు. 1995లో మొత్తం మద్యానికే ఆ నిషేధం వచ్చింది, రెండేళ్లు తిరిగేసరికి సడలింది. ఫ్రయర్, బెర్నియర్ ఇద్దరూ వైద్యులే, ఇద్దరూ ఒళ్లు గుల్ల అవుతుందని రాసి ఊరుకున్నారు. దూబగుంటలో రాసి ఊరుకోలేదు.

అందుకే ఇప్పుడు మా ఫంక్షన్ హాళ్లలో మీరు సారా లేకుండా కనిపిస్తున్నారు. దానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ మిగతా నాలుగూ ఎక్కడ? నిమ్మరసం బదులు సీసాలో ఎసెన్స్. జాజికాయ ఊసే లేదు. రంగు, చక్కెర, నీళ్లు. ఫ్రయర్ బతికుంటే మూడుకి ఏదో ఒక గ్రీకు పేరు వెతుక్కునేవాడు.

కాబట్టి మీ దరఖాస్తు మీద నా సిఫారసు ఇది. నిజాంపట్నం ఉత్తరాన్ని రుజువుగా తీసుకుని మిమ్మల్ని తాత్కాలికంగా లోకల్ అనుకుంటాం. పీపా వాళ్లు అప్పీలుకి వెళ్తే వెళ్లనివ్వండి. ఈలోగా మీరు నిజం నిమ్మకాయ పిండించుకుని, చిటికెడు జాజికాయ పొడి వేయించుకుని హాజరు కావాలి. మాఘమాసం ముహూర్తాల లోపు జవాబు రాయండి. ఆలస్యం చేస్తే నేను పూచీ కాదు. మొన్న మా వాళ్ల పెళ్లికి మాట్లాడిన క్యాటరింగ్ ఆయన ఇప్పటికే మెనూ కార్డులో మిమ్మల్ని 'మెక్సికన్ ఫ్రూట్ పంచ్' అని అచ్చు వేయించేశాడు.

ఇట్లు,
ట్రే ముందు నిలబడి గ్లాసు తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న
ఒక పెళ్లి అతిథి