పదహారేళ్ల దగ్గర ఆగిన టీకా కార్డు

పాత పెట్టె సర్దుతున్నప్పుడు చాలా ఇళ్లలో పిల్లల టీకా కార్డు ఒకటి బయటపడుతుంది. మడతల దగ్గర చిరిగి, ఏఎన్‌ఎం చేతిరాతలో తేదీలు వేసి ఉంటుంది. బీసీజీతో మొదలుపెట్టి కిందికి చదువుకుంటూ వస్తే చివరి గడిలో పదహారేళ్లకు వేయాల్సిన టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియాలకు కలిపి వేసే) సూది కనిపిస్తుంది. కార్డు అక్కడితో సరి. ఆడపిల్లయితే గర్భం దాల్చినప్పుడు ప్రభుత్వ టీకా మళ్లీ ఒకటి రెండుసార్లు అందుతుంది. మగవాడికి ఆ అవకాశమూ లేదు. ఆరోగ్యంగా ఉన్నన్నాళ్లూ సర్కారు సూదికి అతడు గుర్తుకు రాడు. గుర్తుకు రావాలంటే కాల్లో మేకు దిగాలి, లేదా కుక్క కరవాలి.

1978లో మొదలై 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమంగా విస్తరించిన ఈ ఏర్పాటును తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. ఏటా సుమారు 2.6 కోట్ల మంది శిశువులకు, 2.9 కోట్ల మంది గర్భిణులకు 12 రోగాల నుంచి రక్షణనిచ్చే టీకాలను పైసా తీసుకోకుండా వేస్తున్న దేశం మనది. పోలియోను తరిమింది ఈ సైన్యమే. కానీ ఆ కార్యక్రమం పుట్టిననాటికి భారతీయుల సగటు ఆయుర్దాయం యాభై దాటి కొద్ది ఏళ్లే. ఇప్పుడది డెబ్బైకి చేరింది. ఆయుష్షు పెరిగింది గానీ కార్డు పొడవు పెరగలేదు.

చిన్నప్పుడు వేసిన ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా) టీకాల శక్తి కాలంతోపాటు తరిగిపోతుంది. పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాలని పలు దేశాల వైద్య నిపుణులు ఎప్పటినుంచో చెబుతున్నారు. వేయించుకోకపోతే ఏమవుతుందో సోవియట్ యూనియన్ పతనమైనప్పుడు ప్రపంచం చూసింది. 1990లలో అక్కడి దేశాల్లో లక్షన్నర మందికి పైగా కంఠసర్పి బారిన పడ్డారు, దాదాపు 5,000 మంది చనిపోయారు. పిల్లల రోగమని పేరుపడ్డ ఆ జబ్బుకు అక్కడ చిక్కినవారిలో ఎక్కువ మంది పెద్దలే. అంత దూరం ఎందుకు? 2016లో కేరళలోని మలప్పురంలో అదే కంఠసర్పి తలెత్తినప్పుడు రోగుల్లో బడి వయసు దాటినవారూ ఉన్నారు, అక్కడి ఆరోగ్యశాఖ పెద్ద వయసువారికీ టీడీ సూదులు వేయాల్సి వచ్చింది. మన నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి వైద్యులకూ కంఠసర్పి పాఠ్యపుస్తకాల్లో మాత్రమే చదివిన రోగం కాదు. టీడీ అంటే అపురూపమైన మందేమీ కాదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఫ్రిజ్‌లోనూ ఉండేదే. ముప్ఫై ఏళ్ల రైతు వెళ్లి ‘గాయమేమీ లేదు, పదేళ్లయింది కాబట్టి వేయండి’ అని అడిగితే అతడిని వింతగా చూస్తారు, అంతే.

హెపటైటిస్-బి కథ ఇంకో రకం. విదేశాల నుంచి దిగుమతై డోసు వందల రూపాయలు పలికే ఆ టీకాను హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ స్వదేశంలో తయారుచేసి 1997లో విడుదల చేసింది. ఆ సంస్థ స్థాపకుడు వరప్రసాద్ రెడ్డి పట్టుదల వల్ల ధర నేలకు దిగింది. అయినా దేశమంతటా శిశువులకు ఉచితంగా అందడానికి 2011 దాకా ఆగాల్సి వచ్చింది. అంతకుముందు పుట్టిన కోట్ల మంది ఆ రక్షణ లేకుండానే పెద్దవారయ్యారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అంచనా ప్రకారం మన దేశంలో హెపటైటిస్-బి వైరస్‌తో జీవిస్తున్నవారు 2.98 కోట్లు. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ వైరస్ పసితనంలో సోకితేనే ఎక్కువగా ఒంట్లో తిష్ఠ వేస్తుంది. పెద్దయ్యాక సోకినవారిలో అది జీవితాంతం ఉండిపోయేది నూటికి ఐదుగురి లోపే. కనుక వయోజనులందరికీ ఈ సూది ఉచితంగా వేయాలని మేము కోరడం లేదు. వైద్య సిబ్బందికి జాతీయ కార్యక్రమం కింద ఇప్పటికే ఇస్తున్నారు. వైరస్ ఉన్నవారి భార్యకో, భర్తకో, అదే ఇంట్లో ఉండే తమ్ముడికో కూడా అడగకుండానే అందాలి. ప్రపంచానికి టీకాలు ఎగుమతి చేసే ఊళ్లో ఉంటూ వారు మందుల దుకాణంలో డబ్బు కట్టి కొనుక్కోవడం సిగ్గుచేటు.

ఇతర దేశాలు ఏం చేస్తున్నాయో చూస్తే ఒక్కొక్కరు ఒక్కో చోట గీత గీసుకున్నారని తెలుస్తుంది. బ్రెజిల్ అత్యంత సంపన్న దేశమేమీ కాదు. అక్కడి జాతీయ కార్యక్రమంలో పెద్దలకంటూ విడిగా టీకాల క్యాలెండర్ ఉంది. హెపటైటిస్-బి, పదేళ్లకోసారి ధనుర్వాతం-కంఠసర్పి, 59 ఏళ్ల దాకా తట్టు-గవదబిళ్లలు-రుబెల్లా టీకా, యెల్లో ఫీవర్ సూది, అన్నీ ప్రభుత్వ ఖర్చుతోనే. కెనడాలో ఆరోగ్యం రాష్ట్రాల పని. ఒంటారియో 2000లోనే ఆరు నెలలు నిండిన ప్రతి ఒక్కరికీ ఫ్లూ టీకా ఉచితమని ప్రకటించింది. మిగతా రాష్ట్రాలు అప్పట్లో వృద్ధులకు, రోగులకు పరిమితమయ్యాయి. తర్వాత పరిశోధకులు లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ఫ్లూ మరణాలు ఒంటారియోలో ఎక్కువగా తగ్గాయని తేలింది. బాల్టిక్ సముద్రంలో ఫిన్లాండ్‌కు చెందిన చిన్న ఆలాండ్ దీవుల్లో పిడుదు పురుగుల వల్ల మెదడువాపు వస్తుంది. అక్కడి నివాసులకు దాని టీకా 2006 నుంచి ఉచితం. ఫిన్లాండ్ తక్కిన జనమందరికీ ఆ ఏర్పాటు లేదు, అవసరమూ లేదు.

జపాన్ అనుభవం మాత్రం కాస్త నిలిచి చదవదగ్గది. 1977లో రుబెల్లా టీకా మొదలుపెట్టినప్పుడు గర్భిణులకే ముప్పు కదా అని బడి ఆడపిల్లలకు మాత్రమే వేశారు. మగపిల్లలను వదిలేశారు. ముప్పై ఏళ్లు పైబడి గడిచాక, ఆ వదిలేసిన మగపిల్లలే ఉద్యోగస్థులై, రైళ్లలో, ఆఫీసుల్లో వైరస్‌ను మోసుకు తిరిగారు. 2012-13 ఉద్ధృతిలో రోగుల్లో అత్యధికులు వయోజన పురుషులే. ఆ ఉద్ధృతిలో వైరస్ సోకిన తల్లుల కడుపున 45 మంది శిశువులు పుట్టుకతోనే రుబెల్లా దెబ్బ తిని పుట్టారు. ప్రభుత్వం 2019లో తప్పు దిద్దుకోవడానికి పూనుకుంది. 1962 ఏప్రిల్ నుంచి 1979 ఏప్రిల్ మధ్య పుట్టిన మగవారికి ఉచిత పరీక్ష, ఉచిత టీకా అంటూ కూపన్లు ఇంటికి పంపింది. అయినా అనుకున్నంత మంది రాలేదు, గడువు పొడిగించాల్సి వచ్చింది. నలభై ఏళ్ల ఉద్యోగి ఒంట్లో బాగానే ఉండగా సూది కోసం సెలవు పెట్టడు. ఉచితమంటే సగం పనే, సూది అతడి దారిలోకి వెళ్లాలి.

గీత ఒకసారి గీస్తే చెరపకూడదనీ లేదు. బ్రిటన్ కోవిడ్ కాలంలో 50-64 ఏళ్ల ఆరోగ్యవంతులకు కూడా ఫ్లూ టీకా ఉచితంగా వేసి, 2023 నుంచి వారిని జాబితా నుంచి తీసేసింది. 65 దాటినవారికి కొనసాగిస్తోంది. ఆ నిర్ణయం నచ్చనివారు ఉన్నారు. కానీ ఖర్చెంత, ప్రయోజనమెంత అని లెక్కగట్టే సలహా సంఘం అక్కడ ఉంది, దాని సిఫార్సులు బహిరంగంగా ఉంటాయి. మన దగ్గరా జాతీయ సాంకేతిక సలహా బృందం ఎన్‌టాగీ 2001 నుంచి ఉంది. వైద్యుల సంఘాలు పెద్దలకు ఏ టీకాలు అవసరమో తమ సిఫార్సులు ఎప్పుడో ప్రచురించాయి. సార్వత్రిక కార్యక్రమంలో మాత్రం వాటికి చోటు రాలేదు.

పెద్దలకు టీకా వేయడం ఈ దేశానికి చేతకాదని అనేవారికి జవాబు 2021లోనే దొరికింది. జనవరి 16న మొదలుపెట్టి అక్టోబరు 21 నాటికి వంద కోట్ల డోసులు వేశాం. బడి వరండాల్లో, పంచాయతీ కార్యాలయాల్లో వేశాం. అదొక్కటే కాదు. అస్సాం, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లలో మెదడువాపు ఎక్కువగా ఉన్న 31 జిల్లాల్లో 15 నుంచి 65 ఏళ్లవారికి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకా వేశారు. ఆలాండ్ దీవుల తర్కమే అది, మన బ్రహ్మపుత్ర ఒడ్డున. స్వైన్‌ఫ్లూ విజృంభించిన 2015లో మహారాష్ట్ర గర్భిణులకు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి ఉచిత ఫ్లూ టీకా మొదలుపెట్టింది. హజ్ యాత్రికులకు బయలుదేరే ముందు మెదడు పొరల వాపు టీకాను ప్రభుత్వమే వేయిస్తుంది. 2024లో పలు రాష్ట్రాల్లో అరవై దాటినవారికి, మధుమేహులకు క్షయ టీకా బీసీజీ వేసి చూశారు. ముక్కలు ముక్కలుగా అన్నీ ఉన్నాయి. వాటిని కలిపి కుట్టినవారు లేరు.

ఇక్కడ ఎదురయ్యే అభ్యంతరం గట్టిదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఏడాది నిండిన పసివారిలో పూర్తి టీకాలు అందినవారు నూటికి 76 మందే. ఆ 24 మంది సంగతి తేలకుండా ఆరోగ్యంగా తిరిగే పెద్దలకు సూదులెందుకు? పసివారికే మొదటి పీట వేయాలి, అందులో మాకు రెండో మాట లేదు. అయితే పెద్దల మీద డబ్బు పెట్టడం లేదన్న మాట మాత్రం నిజం కాదు. 2024 అక్టోబరు 29న ఆదాయంతో సంబంధం లేకుండా 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి చికిత్స ఉచితంగా ఇచ్చే పథకాన్ని కేంద్రం ప్రారంభించింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లక్షల రూపాయల చికిత్సకు హామీ ఇస్తోంది. న్యుమోనియాతో ఊపిరాడని డెబ్బై ఏళ్ల తాతకు వెంటిలేటర్ మంచం ఖర్చు భరిస్తానంటున్న ప్రభుత్వం, ఆ న్యుమోనియాను అడ్డుకునే న్యూమోకాకల్ టీకాను మాత్రం నువ్వే కొనుక్కో అంటోంది. ఆ కోవ టీకానే 2021 నుంచి దేశమంతటా శిశువులకు ఉచితంగా ఇస్తున్నారు. టీకా ఉంది, సరఫరా ఉంది, ఫ్రిజ్ ఉంది. తాత వరుసలో లేడు, అంతే తేడా.

స్తోమత ఉన్నవారి సంగతి వేరు. అమెరికాలోని కొడుకు ఫోనులో ‘నాన్నా, షింగిల్స్ టీకా వేయించుకున్నారా?’ అని అడిగితే తప్ప, ఒంటి మీద మంటతో పొక్కులు లేచే సర్పికి టీకా ఉందనే సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. అక్కడ మెడికేర్ మందుల బీమా ఉన్నవారికి 2023 నుంచి అది ఉచితం. ఇక్కడ రెండు డోసులకు ఇరవై వేల రూపాయలు దాటుతుంది. ఆ ధరకు దాన్ని ప్రభుత్వ జాబితాలో చేర్చమనడం తొందరపాటు. ముందు చవకైనవి, రుజువైనవి కానిద్దాం.

రెండు తెలుగు రాష్ట్రాలూ ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కరలేదు. ముప్పై ఏళ్లు దాటినవారి రక్తపోటు, చక్కెర చూడటానికి ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇప్పటికే ఇంటింటికీ వెళ్తున్నారు. ఎవరి వయసెంత, ఎవరికి షుగర్ ఉంది అన్న జాబితా వారి చేతిలోనే ఉంది. ఆ సంచిలోనే టీడీ కూడా వెళ్లవచ్చు. అరవై దాటిన మధుమేహులకు ఫ్లూ, న్యూమోకాకల్ టీకాలు ఒక జిల్లాలో మొదలుపెట్టి, ఆసుపత్రి చేరికలు ఎంత తగ్గాయో లెక్క తీయవచ్చు. ఫ్లూ సూదికి కాలమూ కుదరాలి. శ్రీనగర్‌లో ఫ్లూ శీతాకాలపు జబ్బు, మన వైపు ఎక్కువగా వానలతో వస్తుంది. అందుకే ఇక్కడ వేయాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. అమెరికా క్యాలెండర్ చూసి అక్టోబరులో వేస్తే మన వానాకాలం ఉద్ధృతి అప్పటికే దాటిపోయి ఉంటుంది. డబ్బు పెట్టి కొనుక్కునేవారికి కూడా ఈ సంగతి చెప్పేవారు లేరు.

టీకాల నమోదుకు కేంద్రం తెచ్చిన యూ-విన్ వేదికలో గర్భిణులకు చోటుంది, పదహారేళ్ల దాకా పిల్లలకు చోటుంది. కోవిడ్ టీకాల నమోదు వేదిక కోవిన్‌లో కోట్లాది మంది పెద్దల వివరాలు ఎక్కించిన దేశానికి అందులో ఇంకో వరుస చేర్చడం సాంకేతికంగా పెద్ద పనేమీ కాదు. ఎన్‌టాగీ ముందుకు ఆ ప్రతిపాదన ఎవరు తీసుకెళ్తారో, ఎప్పుడు తీసుకెళ్తారో కేంద్ర ఆరోగ్యశాఖ తేదీ వేసి చెప్పాలి.