సవరణ: ఆ తీగ లేపాక్షిది కాదు
మొన్న ఒక చీర అంచు బొమ్మ పెట్టి, లేపాక్షి లతామంటపం స్తంభం మీది పాత డిజైన్‌ను ఏఐ శుభ్రం చేసి ఇచ్చిందని రాశాను. తప్పు. అనంతపురం నుంచి మళ్లీ వెళ్లి పోల్చి చూశాను. పూలు స్తంభం మీదివే. వాటిని కలిపే తీగ ఏఐ కల్పన. రాయి అరిగినచోట దానికి తోచింది గీసేసింది.

ఆ బొమ్మను నేరుగా మగ్గానికి ఎక్కించొచ్చు అని అప్పుడు రాసిందీ సరికాదు. ధర్మవరంలో నేసే మా మామ చదివి నవ్వాడు. ముందు గ్రాఫ్ గీయాలి, ఒక్కో గడికీ పోగు లేవాలా వద్దా తేల్చాలి, ఆ ప్రకారం జకార్డు అట్టలకు, అంటే ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పే అట్టలకు, చిల్లులు కొట్టాలి. ఏఐ బొమ్మలో రంగులు మసకగా కలిసిపోయిన చోట గడి ఎటూ తేలదట.

ఇంకోటి, ధర్మవరం, లేపాక్షి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. అలవాటుకొద్దీ అనంతపురం జిల్లా అనేశాను.