మహారాజశ్రీ స్ట్రీక్ గారికి, సున్నా రాసుకున్న విన్నపం

మహారాజశ్రీ ధ్యానం యాప్ స్ట్రీక్ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలం, నేను సున్నా.

ఇవాళ తెల్లవారుజామున బస్సు దిగి, సంచులు గుమ్మంలోనే పడేసి, ఫోన్‌ని ఛార్జింగులో పెట్టగానే తమ దర్శనమైంది. తల వాల్చేసిన తామరపువ్వు. దాని కింద, వరసగా ఎన్ని రోజులు ధ్యానం చేశానో చెప్పే తమ అంకె ఉండాల్సిన చోట, గుండ్రంగా సున్నా. ఆ కింద, 'ఫర్వాలేదు! మళ్ళీ మొదటి అడుగు వేద్దామా?' అని చంటిపిల్లని బుజ్జగించినట్టు ఓ వాక్యం. అన్నిటికన్నా అడుగున ఆకుపచ్చ బటన్. అది నొక్కి తొంభై తొమ్మిది రూపాయలు కడితే పోయిన రోజు వెనక్కి వచ్చేస్తుందట.

ఆ బటన్ సంగతికి తర్వాత వస్తాను. ముందు తమరు లెక్కలోంచి కొట్టేసిన ఆ రోజు గురించి రెండు ముక్కలు వినండి.

నిన్న మా పిన్ని కూతురి గృహప్రవేశం. కోనసీమలో, కాలవ గట్టున కొత్త ఇల్లు. కరెంటు మీటరు ఇంకా రాలేదు. పక్కింటి నుంచి లాగిన వైరుకి ఒక్కటే ప్లగ్గు, అది పంతులుగారి మైకు సెట్టుకే అంకితం. నా ఫోన్ రాత్రే పిల్లల చేతిలో పడి, బొమ్మల వీడియోలు చూసి చూసి కన్నుమూసింది. నాలుగింటికి మెలకువ వచ్చింది. చేతిలో ఫోన్ లేదు, చేయడానికి పనీ లేదు. పెరటివైపు అరుగు మీద, పెయింటు వాసనలో కూర్చున్నాను. అవతల వంటవాళ్ళు గాడిపొయ్యి రాజేసి పులిహోరకి చింతపండు పిసుకుతున్నారు. ఇవతల ఇద్దరు మగవాళ్ళు ఆవుని లోపలికి తీసుకెళ్ళాలని చూస్తున్నారు. కొత్త గ్రానైటు మీద గిట్టలు జారి, అది రానని భీష్మించింది.

కళ్ళు మూసుకున్నాను. ముక్కు కొసన గాలి చల్లగా వెళ్తోంది, వెచ్చగా వస్తోంది. మనసు చింతపండు దగ్గరికి పోయింది, తెచ్చుకున్నాను. ఆవు దగ్గరికి పోయింది, తెచ్చుకున్నాను. మా వదిన కట్టుకోబోయే పట్టుచీర దగ్గరికి పోయి అక్కడ కాస్త ఎక్కువసేపే ఉండిపోయింది, దాన్నీ తెచ్చుకున్నాను. అలా పోగా తేగా, పోగా తేగా, ఒక చోట పోవడం ఆగింది. ఎంతసేపో తెలీదు. పిన్ని వచ్చి భుజం తట్టి, "పాలు పొంగించే వేళయింది, కునుకు చాలు, లేవ్వే" అనేదాకా.

తమ యాప్ పెట్టుకున్నాక అంత బాగా కుదిరింది అదే. తమ రికార్డుల్లో మాత్రం ఆ రోజు నేను ధ్యానం చేయలేదు.

సరే, తమరు అక్కడ లేరు, తమకెలా తెలుస్తుంది? న్యాయమే. మరి తమరు దగ్గరుండి చూస్తున్న వాటి సంగతేమిటి? ఫ్యామిలీ ప్లాన్ కదా, మా వారికీ ఓ తామరపువ్వు ఇచ్చారు. ఆయన రోజూ రాత్రి మంచమెక్కి, బోర్లా పడుకుని, 'నిద్రకు ముందు ప్రశాంతత' నొక్కుతారు. రెండో నిమిషానికి గురక. ఆ గురకకి పక్కింటివాళ్ళ కుక్క సమాధానం చెబుతుంది. అయినా ఆ ఆడియో ఆవిడ తన మానాన తాను 'మీ భుజములను వదులుగా ఉంచండి' అంటూనే ఉంటుంది. ఇరవై నిమిషాలయ్యాక టింగుమని గంట. 'అద్భుతం! మీరు ఇవాళ ఇరవై నిమిషాలు వర్తమానంలో జీవించారు!' ఆ పైన బంగారు తామర. పొద్దున్న లేచి దాన్ని స్క్రీన్‌షాట్ తీసి బంధువుల గ్రూపులో పెడతారు. 'బావగారు యోగి అయిపోయారు' అని మా తమ్ముడు దండం బొమ్మలు పెడతాడు.

మా ఆడపడుచుకి జరిగింది ఇంకా ఘోరం. నాగార్జునసాగర్ రోడ్డులో ఉన్న విపశ్యన కేంద్రంలో పది రోజుల శిబిరానికి వెళ్ళింది. అక్కడ మొదటి రోజే ఫోన్ తీసుకుని దాచేస్తారు. తెల్లవారుజామున నాలుగింటికి గంట, రోజుకి పది గంటలకు పైగా కూర్చోవడం, ఎవరితోనూ మాట లేదు, సాయంత్రమైతే కొత్తవాళ్ళకి పండు, టీ. ఫీజూ లేదు, శిబిరం పూర్తి చేసినవాళ్ళు తోచింది ఇస్తే దాంతోనే తర్వాత వచ్చేవాళ్ళకి భోజనం. మోకాళ్ళు పట్టేసి, మొహం తేటపడి, మనిషి మారి బయటికొచ్చింది. గేటు దగ్గర ఫోన్ ఆన్ చేసింది. 'మిమ్మల్ని చాలా మిస్ అవుతున్నాం! ధ్యానానికి దూరమయ్యారా?' అని తమరు. సున్నాతో సహా.

అయ్యా, ఇంతకీ తమరు దేన్ని లెక్కపెడుతున్నట్టు?

అలవాటు అంటారా? ఆ మాటకొస్తే, చేరిన రోజే 'ఇరవై ఒక్క రోజుల ఛాలెంజ్' అంటూ నన్ను బరిలో దించారు. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని తమ వాక్కు. ఎక్కడిదా అని చూస్తే, 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ దగ్గర తేలింది. ఆపరేషన్ అయిన పేషెంట్లు అద్దంలో కొత్త మొహానికి అలవాటు పడటానికి కనీసం ఓ 21 రోజులు పడుతోందని ఆయన రాసుకున్నాడు. ధ్యానానికీ ముక్కుకీ సంబంధం ఉన్నమాట నిజమే గానీ, మరీ ఈ సంబంధం కాదు కదండీ!

అసలు లెక్క కావాలంటే లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం తీసింది ఉంది, 2010లో అచ్చయింది. 96 మంది ఒక్కొక్కరూ ఒక్కో పని ఎంచుకున్నారు. మధ్యాహ్నం భోజనంతో ఓ పండు తినడం, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరుగెత్తడం, అలాంటివి. ఏ పనైనా రోజూ జరిగే ఇంకో దానికి ముడిపెట్టుకోవాలి, పన్నెండు వారాలు చేయాలి. పని దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులని తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా (పన్నెండు వారాలు దాటినవి లెక్కగట్టి వేసిన అంచనాలు). తమకి చెవిలో చెప్పాల్సింది ఆ తర్వాతిది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన ఆ అలవాటు పడటానికి చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదట. ఒక రోజు తప్పితే మర్నాడు చేసుకోవడమే. మొదటికి రావడం, తామర వాడిపోవడం ఆ పరిశోధనలో ఎక్కడా లేవు. అవి తమ సొంత కవిత్వం.

ఇంకో మాట. నన్ను రోజూ కూర్చోబెట్టింది తమరు కారు, మా కాఫీ ఫిల్టరు. పొద్దున్నే పొడి వేసి, మరిగిన నీళ్ళు పోసి, మూత పెడితే డికాక్షన్ దిగడానికి కొంచెం సేపు పడుతుంది. ఆ కాసేపూ ఏం చేయాలి? ఇదివరకు ఫోన్ చూసేదాన్ని. డాక్టరు గారు బీపీ మాత్ర రాస్తూ 'రోజూ కాసేపు ఊరికే కూర్చోండమ్మా' అన్నాక, గ్యాసు కట్టేసి వంటగది గుమ్మం పక్కనే పీట వేసుకోవడం మొదలుపెట్టాను. నీళ్ళు పోయడం, కూర్చోవడం. ఇప్పుడు మూత పెట్టిన చప్పుడుకే ఒళ్ళు పీట వైపు తిరుగుతుంది. తమరు ఈ మధ్యలో ఎక్కడున్నారు? టింగుమంటూ, డికాక్షన్ చల్లారాక వస్తారు.

తమ టింగుల గురించి కూడా ఒక మాట. మధ్యాహ్నం ఆఫీసులో ఆడిట్ వాళ్ళ ముందు కూర్చుని ఉంటే 'మీ శ్వాస మీ కోసం ఎదురుచూస్తోంది' అని మెరుస్తుంది. శ్వాస ఎదురుచూడ్డమేమిటండీ? అది ఆగి ఎదురుచూస్తే ఇక్కడ జనం పోతారు. ఇంకో రోజు, 'మీ స్నేహితురాలు ప్రశాంతతలో మిమ్మల్ని దాటిపోయింది.' ప్రశాంతతలో పోటీ! డిసెంబర్ 21ని ప్రపంచ ధ్యాన దినోత్సవమని 2024లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది, ఆ రోజు తమరు డిస్కౌంటు ప్రకటించారు. ఇక ఆ 'అరణ్యంలో వర్షం' ఆడియో. కళ్ళు మూసుకుని వింటుంటే పైన డాబా మీద బట్టలు ఆరేసి ఉన్నాయన్న బెంగ తప్ప ఏ అరణ్యమూ కనబడదు.

పెద్దల మాట అడ్డం పెట్టుకుంటారేమో, అదీ చూద్దాం. పతంజలి యోగసూత్రాల్లో, సమాధిపాదం 14వ సూత్రం. అభ్యాసం గట్టి పునాది మీద నిలబడాలంటే మూడు కావాలన్నాడు: చాలాకాలం చేయాలి, ఎడతెగకుండా చేయాలి, ఆదరంతో చేయాలి. మూడింట్లో మధ్యది పట్టుకుని తమరు కంపెనీ పెట్టేశారు. చాలాకాలం అన్నది వార్షిక చందా ఆఫరుగా మారింది. ఆదరం ఏ మెనూలో ఉందో నాకైతే కనబడలేదు. గీతలో ఆరో అధ్యాయం 26వ శ్లోకం చూసుకోండి. చంచలమైన మనసు ఎటెటు పరుగెడితే అటు నుంచే దాన్ని మళ్ళించి వెనక్కి తెచ్చుకోమన్నాడు కృష్ణుడు. ఎన్నిసార్లన్న లెక్క చెప్పలేదు. 'ఒక్కసారి తప్పిపోయిందా, అయితే విషాదయోగం నుంచి మళ్ళీ మొదలెట్టు' అని అర్జునుణ్ణి వెనక్కి పంపలేదు. పోవడం, తిరిగి రావడం, చేసే పనంతా అదే. కోనసీమలో ఆ అరుగు మీద నేను చేసిందీ అదే. తిరిగి వచ్చినవాళ్ళ మొహాన సున్నా కొట్టే బుద్ధి పుట్టింది తమకొక్కరికే.

సరే, ఆ ఆకుపచ్చ బటన్‌కి వచ్చాను.

తొంభై తొమ్మిది రూపాయలు. అది కడితే నిన్నటి రోజు అతుక్కుంటుంది, తామర లేచి నిలబడుతుంది, నేను ధ్యానం చేసినట్టే. నిన్న వెళ్ళిపోయిన బస్సుకి ఇవాళ టికెట్టు కొట్టినట్టు. కూర్చోకపోయినా ఫర్వాలేదు, శ్వాస చూసుకోకపోయినా ఫర్వాలేదు, డబ్బు పడితే చాలు. చేసి వచ్చినదాన్ని, నేను చేశాను మొర్రో అంటే వినే మీట ఒక్కటి లేదు నీ దగ్గర. 'ఫోన్ లేకుండా చేశాను' అని రాసుకునే గడి లేదు. గంటసేపు వెతికాను. సహాయం నొక్కితే బాట్ వచ్చింది. 'మీ భావాలను గౌరవిస్తున్నాము. లోతుగా ఊపిరి తీసుకోండి' అంది. తీసుకున్నాను. 'స్ట్రీక్ రిపేర్ కొనాలనుకుంటున్నారా?' అంది.

ఏమిటా ఒళ్ళు బలుపు? నాకు కోపం తగ్గాలని కదా నిన్ను ఫోన్‌లో పెట్టుకున్నది! నీ వల్లే ఇవాళ పొద్దున్న మా పనమ్మాయి మీద అరిచాను. మా వారి గురక మీద అరిచాను, అది ఆగలేదు గానీ. బీపీ మిషన్ తీసి చూసుకోవాలంటే భయమేసింది. నిన్న పొద్దున్న ఆ అరుగు మీద నాకు దొరికింది నీదా? నీ సర్వర్‌లో ఉందా? ఎవడబ్బ సొమ్మని నాకే తిరిగి అమ్ముతున్నావు?

నువ్వు నన్ను ధ్యానం చేయమని ఏనాడూ అడగలేదు, ఇప్పుడు తెలుస్తోంది. తెరవమన్నావు, అంతే. రోజూ ఒకసారి వచ్చి మొహం చూపించి పొమ్మన్నావు. రాత్రి పదకొండూ యాభైకి, గిన్నెలన్నీ తోమి, కళ్ళు మూతలు పడుతుంటే, 'ఇంకా పది నిమిషాలే మిగిలింది!' అని ఎర్రక్షరాల్లో బెదిరిస్తే నాకు పట్టింది ప్రశాంతతా, వణుకా? నెల నెలా ఆటోపే మాత్రం ఒక్కసారీ తెగలేదు. స్ట్రీక్ అంటే దాన్ని అనాలి. ఆ డబ్బు కట్ అవుతుందని ముందురోజు బ్యాంకు మెసేజ్ పెడుతుంది. రోజుకి మూడుసార్లు శ్వాస గుర్తుచేసే నువ్వు ఆ సంగతి గుర్తుచేసిన పాపాన పోలేదు.

రద్దు చేద్దామని వెళ్ళాను. 'నిజంగానే వెళ్ళిపోతున్నారా?' అని కన్నీళ్ళ తామర. అవునన్నాను. 'ఎందుకు?' అని ఆరు కారణాలిచ్చి ఒకటి ఎంచుకోమంది. కోనసీమ అందులో లేదు. 'ఇతరములు' నొక్కాను. యాభై శాతం తగ్గిస్తామంది. వద్దన్నాను. మూడు నెలలు ఉచితమంది. అక్కడ మా అమ్మ పెంపకం కాస్త అడ్డుపడింది. ఊరికే వచ్చేదాన్ని వద్దనడం మా ఇంటా వంటా లేదు. అయినా గుండె రాయి చేసుకుని కాదన్నాను.

గంట ఒక్కటీ ఉంచుకున్నాను. అది ఉచితమే కదా. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కంచు మోత, నిదానంగా సన్నబడుతూ పోతుంది. దాన్ని చేసినవాడెవడో మంచివాడు, నీలాంటివాడు కాదు. వాడికి నా నమస్కారం చెప్పు. నీ తామరపువ్వుల లెక్క సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కనబడకుండా దాచేశాను. దాచే వీలుంది, నాలుగు మెట్ల లోపల, నువ్వు ఎవరికీ చెప్పని చోట. ఈ ఉత్తరం చదివేవాళ్ళకి చెబుతున్నాను: ప్రొఫైల్, అందులో ప్రాధాన్యతలు, అందులో ప్రేరణ, అట్టడుగున చిన్నక్షరాలు.

తొంభై తొమ్మిది మాత్రం కట్టను.

ఇట్లు,
తమ రికార్డుల ప్రకారం ఇంతవరకూ ధ్యానమే మొదలుపెట్టని మనిషి

తా.క.: మా వారి స్ట్రీక్ దివ్యంగా సాగుతోంది. ఇందాకే నొక్కారు. కుక్క కూడా మొదలెట్టింది.