తెరకెక్కని పుల్లరి

2022 మార్చి 25న ఆర్‌ఆర్‌ఆర్ సినిమా విడుదలైంది. పది రోజులకు, ఏప్రిల్ 4న, ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల సంఖ్య 13 నుంచి 26కు పెరిగి, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అదే ఏడాది జూలై 4న, ఆయన 125వ జయంతి నాడు, భీమవరంలో ప్రధానమంత్రి 30 అడుగుల కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. సినిమా, జిల్లా, విగ్రహం నాలుగు నెలల లోపే వచ్చిన ఆ సంవత్సరం, గుంటూరులోనూ ఇక్కడ ప్రవాసంలోనూ నలుగురు తెలుగువాళ్లు కలిసిన చోటల్లా అల్లూరి మాటే నడిచింది. ఆ వీరుడికి దక్కిన గౌరవం ముమ్మాటికీ న్యాయమైనది. అయితే అదే 2022 ఫిబ్రవరికి, పల్నాడులో పుల్లరి అనే అడవి పన్ను కట్టేది లేదని ఎదురు తిరిగి పోలీసు తూటాలకు కూలిపోయిన కన్నెగంటి హనుమంతు మరణానికి నూరేళ్లు నిండాయి. నేను ఉన్న వాట్సాప్ బృందాల్లో గానీ, ఆ నెలలో జరిగిన మన సంఘం సమావేశాల్లో గానీ ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. అందులో సగం మందిమి గుంటూరు జిల్లా వాళ్లమే.

సినిమాలు చరిత్రను వక్రీకరిస్తున్నాయని మనవాళ్లు తరచూ బాధపడతారు. ఆ బాధలో నిజముంది. కానీ అంతకంటే పెద్ద నష్టం మరొకటి జరుగుతోందని, దాన్ని మనం గుర్తించడం లేదని నాకు గట్టిగా అనిపిస్తోంది. తెర మీద తప్పుగా చూపించిన మనిషి గురించి కనీసం వాదన పుడుతుంది. అసలు తెర మీదికే రాని మనిషి పక్షాన వాదించడానికి ఎవరూ మిగలరు. మన రోజువారీ రాజకీయ చర్చ సినిమాను ఆధారం చేసుకుని నడుస్తున్నంత కాలం, సినిమా ఎవరిని వదిలేసిందో వాళ్లను ఆ చర్చ కూడా వదిలేస్తుంది. వాళ్లతో పాటు వాళ్లు ప్రాణాలొడ్డి లేవనెత్తిన ప్రశ్న కూడా మరుగున పడుతుంది.

హనుమంతు కథ తెలియని పిల్లల కోసం కొంచెం చెప్పాలి. అడవిలో పశువులను మేపుకున్నందుకు, ఎండుపుల్లలు ఏరుకున్నందుకు పల్నాటి రైతు ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను పుల్లరి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక తరతరాలుగా ఊరి వాడుకలో ఉన్న అడవి సర్కారు సొత్తయింది. 1921లో సహాయ నిరాకరణోద్యమం ఊపందుకున్నప్పుడు పల్నాటి గ్రామాలు పుల్లరి కట్టడం మానేశాయి. ఇప్పటి దుర్గి మండలంలో ఉన్న మించాలపాడులో ఆ పోరాటానికి హనుమంతు ముందు నిలిచాడు, 1922 ఫిబ్రవరిలో అక్కడే ప్రాణం విడిచాడు. ఆ తర్వాత ఆరు నెలలకు, ఆగస్టు 22న, అల్లూరి దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది. అక్కడా మూలం అదే చట్టం. పోడు వ్యవసాయాన్ని అడ్డుకున్నారు, అటవీ ఫలాలు ముట్టుకోనివ్వలేదు, రోడ్డు పనులకు గిరిజనులను వెట్టికి లాగారు. పల్నాడుకూ మన్యానికీ మధ్య వందల మైళ్ల దూరం ఉండవచ్చు గానీ, రెండు చోట్లా మనుషులు తిరగబడింది ఒకే అన్యాయం మీద.

ఈ రెండు కథలనూ కలిపే మనిషి మరొకడున్నాడు. 1924లో అల్లూరి ఉద్యమాన్ని అణచడానికి ఏజెన్సీకి ప్రత్యేక కమిషనరుగా వచ్చిన రూథర్‌ఫర్డ్, 1922 తొలినాళ్లలో పెదనందిపాడు పన్నుల నిరాకరణ ఉద్యమాన్ని ఎదుర్కొన్న గుంటూరు కలెక్టరే. అల్లూరిని మే 7న కాల్చి చంపింది అతని హయాంలోనే. అంటే మన్యం కథలో ప్రతినాయకుడిగా మనందరికీ గుర్తున్న ఆ అధికారి, అంతకు ముందు మన జిల్లాను ఏలినవాడు.

మొన్న సంక్రాంతికి గుంటూరు బ్రాడీపేటలో మా మేనమామ ఇంట్లో ఈ సంగతే చర్చకు వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక వసారాలో కుర్చీలు వేసుకుని పది మందిమి కూర్చున్నాం. ఏ అల్లూరి గొప్ప, 1974 నాటి కృష్ణగారి అల్లూరా, ఇప్పటి రామ్‌చరణ్ అల్లూరా అన్న వాదన అప్పటికే వేడెక్కింది. మా అక్క కొడుకు ఫోన్‌లో ఒక సన్నివేశం పెట్టి అందరికీ చూపిస్తూ, "రూథర్‌ఫర్డ్ అంటే జగ్గయ్యగారే కదా మావయ్యా, ఆయన ముందు ఇంకెవరాగుతారు?" అన్నాడు. ఎదురింటి పెద్దాయన అప్పటిదాకా మాట్లాడలేదు. ఆయన సొంతూరు మాచర్ల దగ్గర. "ఒరే అబ్బాయ్, ఆ రూథర్‌ఫర్డు మన గుంటూరు కలెక్టరురా. మా తాత పుల్లరి కట్టనన్నాడని దొడ్లో గొడ్లను తోలుకుపోయారంట. ఆ దొర జమానాలోనే" అన్నారు. మా వాడు ఫోన్ దించి, "పుల్లరి అంటే ఏంటి తాతగారూ?" అని అడిగాడు. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. రెండు మాటలు పూర్తి కాకముందే ఇంకొకరు అందుకుని, ఆర్‌ఆర్‌ఆర్ వసూళ్ల గురించి ఏదో అన్నారు. అక్కడి నుంచి మాట హీరోల మీదికి, హీరోల నుంచి వాళ్ల బంధువుల పార్టీల మీదికి, పార్టీల నుంచి కులం మీదికి పోయింది. పెద్దాయన చెప్పదలచిన కథ ఆ రాత్రి ఎవరూ వినలేదు.

ఆ వసారాలో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. అందరూ చదువుకున్నవాళ్లే, చరిత్ర అంటే గౌరవం ఉన్నవాళ్లే. వాళ్ల చేతిలో ఉన్న సరుకు సినిమా ఒక్కటే. దానితో వాదించగలిగింది ఎవరు బాగా నటించారు, ఆ నటుడు ఎవరివాడు అన్నంత వరకే. మా జిల్లాలో ఈ దారి మరీ దగ్గర. ఆ 1974 సినిమాలో అల్లూరిగా వేసిన కృష్ణ తెనాలి పక్కన బుర్రిపాలెం వారు. రూథర్‌ఫర్డ్‌గా వేసిన కొంగర జగ్గయ్య తెనాలి దగ్గరి మోరంపూడి వారు. 1967లో జగ్గయ్య ఒంగోలు నుంచి, 1989లో కృష్ణ ఏలూరు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మాకు వీరుడూ దొరా ఇద్దరూ ఇరుగుపొరుగు ఊళ్ల నుంచి వచ్చి, తర్వాత ఇద్దరూ పార్లమెంటులో కూర్చున్నారు. ఆ సినిమా మీద నాకెంతో ప్రేమ ఉంది. శ్రీశ్రీకి జాతీయ పురస్కారం తెచ్చిన పాట వింటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. అయినా అడుగుతున్నాను: అల్లూరి వెంట నడిచిన గాం మల్లుదొర జైలు శిక్ష అనుభవించి బయటికొచ్చి, విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడని మనలో ఎందరికి తెలుసు? ఆ ఉద్యమం నుంచి నేరుగా పార్లమెంటుకు వెళ్లిన గిరిజనుడి పేరు మన వాదనల్లో వినిపించదు గానీ, ఆ ఉద్యమాన్ని తెర మీద నటించిన వాళ్ల ఎన్నికలు మాత్రం మనకు నోటికొచ్చు.

తప్పుగా చూపించిన సినిమా వల్ల ఒక్కోసారి మేలే జరుగుతుందని నేను అనడానికి ఒక ఉదాహరణ ఉంది. 2017 జనవరిలో గౌతమీపుత్ర శాతకర్ణి సినిమా వచ్చింది. అప్పటికి కథానాయకుడు సిట్టింగ్ ఎమ్మెల్యే, రెండు తెలుగు రాష్ట్రాలూ వినోదపు పన్ను మినహాయించాయి, పైగా అమరావతి రాజధానికి శంకుస్థాపన జరిగి ఏడాది దాటింది. విజయవాడలో, ఈ శాతవాహన చక్రవర్తి శాతకర్ణి మన అమరావతి రాజా, లేక మహారాష్ట్రలోని పైఠాన్ రాజా అన్న వాదన ఇల్లిల్లూ తిరిగింది. ఆ వాదనలో గెలవాలన్న పట్టుదలతోనే కొందరు నాసిక్ గుహలో గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం దాకా వెళ్లారు. అందులో కొడుకు ఏలిన దేశాలుగా అసిక, అసక, ములక, సురఠ, కుకుర, అపరాంత, అనూప, విదర్భ, ఆకరావంతి పేర్లున్నాయి. ఆంధ్ర దేశం పేరు విడిగా లేదు. మహేంద్రగిరి ఉంది, ఆయన గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయన్న మాట ఉంది. శాతకర్ణి కొడుకు పులుమావి శాసనం మన అమరావతి స్తూపం దగ్గర దొరికింది. ఇటు వాదించడానికీ అటు వాదించడానికీ రాతి మీద అక్షరాలున్నాయి. ఒక తల్లి తన కొడుకు కీర్తిని చెక్కించిన శాసనాన్ని విజయవాడ కుర్రాళ్లు ఫోన్లలో పెట్టుకుని చదవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఆ భాగ్యం శాతకర్ణికి సినిమా వల్లే దక్కింది. హనుమంతుకు దక్కలేదు.

నందమూరి తారక రామారావుగారి విషయంలో నష్టం ఇంకో రకం. ఆయన 1982 మార్చి 29న పార్టీ పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. అభిమానులూ వ్యతిరేకులూ ఆయన గురించి మాట్లాడేటప్పుడు కృష్ణుడి కిరీటం, చైతన్య రథం, కాషాయ వస్త్రాలు దాటి వెళ్లరు. 1984లో ఆయన ప్రభుత్వం వంశపారంపర్య కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. పెదనందిపాడు ఫిర్కాలో 1922లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పన్నులు ఆగిపోవడానికి ముఖ్య కారణం ఆ గ్రామాధికారులు రాజీనామాలు చేయడమే. పన్ను వసూలు చేసే చెయ్యి ఊళ్లో ఎవరిదన్నది అంత కీలకం. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చిన 1986 నాటి చట్ట సవరణ కూడా ఆ ప్రభుత్వానిదే. మన ఇళ్లలో అక్కాచెల్లెళ్ల వాటాల మీద జరిగే ప్రతి తగాదాకూ ఆ చట్టంతో సంబంధం ఉంది. వీటి మీద రామారావుగారిని మెచ్చుకోవచ్చు, విమర్శించవచ్చు, రెండూ విలువైన చర్చలే. 2022లో విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినప్పుడు, ఆయన పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలోనే మిగిలిపోయిందని నెలల తరబడి వాదించుకున్నారు. పేరు గురించి అంత ఓపికగా వాదించగలిగిన వాళ్లం, ఆయన చేసిన పని గురించి ఒక సాయంత్రం వాదించలేమా?

చరిత్రనూ రాజకీయాన్నీ వినోదాన్నీ ఒకే చోట కలపడం మనకు కొత్త కాదు, తప్పూ కాదు. తాడికొండ దగ్గరి పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ 1940లలో ప్రజానాట్యమండలి ద్వారా బుర్రకథను ఊరూరా మోగించినప్పుడు పల్నాటి వీరుల కథ విన్న జనం, అదే వేదిక మీద బెంగాల్ కరువు గురించీ విన్నారు. బుర్రకథ చూసినవాళ్లకు గుర్తుంటుంది: నడుమ కథకుడు తంబురా మీటుతూ కథ చెబుతాడు, ఇరువైపులా ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరిది హాస్యం. రెండోవారిది రాజకీయం. కథ అన్ని కులాలూ ఒకే పంక్తిలో తిన్న బ్రహ్మనాయుడి చాపకూడు దగ్గరికి వచ్చిందనుకోండి, రాజకీయ వంత గుమ్మెట వాయించడం ఆపి, ఇప్పుడు మన ఊరి బావి దగ్గర జరుగుతున్నదేమిటని అడుగుతాడు. కథకుడు జవాబు చెప్పి తీరాలి. జనం ఎదుట చరిత్రను వర్తమానంతో నిలదీయడానికి మన పూర్వులు వేదిక మీద ఒక మనిషిని ప్రత్యేకంగా నిలబెట్టారు. సినిమా మనకు కథకుణ్ణి ఇచ్చింది, హాస్యగాణ్ణీ ఇచ్చింది. రాజకీయ వంత స్థానం ఖాళీగా ఉంది. సినిమా అయ్యాక ఇంటికొచ్చి ఆ పాత్ర పోషించాల్సింది మనమే.

ఆ వంత ఉంటే అల్లూరి పేరెత్తిన ప్రతిసారీ పోడు భూముల మాట వచ్చేది. 2006 అటవీ హక్కుల చట్టం కింద గిరిజనులకు అందాల్సిన పట్టాల సంగతి అడిగేవాళ్లు. నల్లమల అంచున మేకలు మేపుకునే మనిషికి ఇప్పుడు అడవితో ఉన్న సంబంధం ఏమిటో మాట్లాడేవాళ్లు. అల్లూరి ఎవరి కులస్థుడు, ఏ హీరో ఎవరి మేనల్లుడు అన్న మాటలకు అప్పుడు అంత తీరిక ఉండదు.

ప్రవాసంలో మన బాధ్యత ఇంకా ఎక్కువని నేను నమ్ముతున్నాను. బ్రాడీపేట పిల్లవాడికి ఎదురింట్లో మాచర్ల తాతగారు ఉన్నారు. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ఆ ఎదురిల్లు లేదు. వాళ్లకు తెలిసిన తెలుగు చరిత్ర అంతా సినిమాల్లో చూసిందే. మన మహాసభల్లో సినీతారలూ రాజకీయ నాయకులూ ప్రధాన వేదిక మీద కనిపిస్తారు, చరిత్ర గురించి ఎవరైనా మాట్లాడితే అది మధ్యాహ్నం భోజనాల వేళ పక్క గదిలో ఇరవై కుర్చీల ముందు జరుగుతుంది. తారలను పిలవొద్దని నేను అనను. వాళ్లను చూడాలని మా ఇంట్లోవాళ్లూ ఎదురుచూస్తారు. కానీ ఆ పెద్ద వేదిక మీద, ఆ పెద్ద జనం ముందు, ఒక్క గంట పుల్లరికి ఇవ్వండి.

మన సంఘం కార్యవర్గానికి నా విన్నపం ఇది. వచ్చే ఉగాదికి పల్నాటి పుల్లరి సత్యాగ్రహం మీద ఒక బుర్రకథ వేయిద్దాం. కథ మన పిల్లలే రాయాలి. ఆ కాలపు ప్రభుత్వ పత్రాలు మామిడిపూడి వెంకటరంగయ్యగారి సంపాదకత్వంలో వచ్చిన స్వాతంత్ర్యోద్యమ సంపుటాల్లో ఉన్నాయి, అవి ఇంగ్లీషులోనే ఉన్నాయి కాబట్టి ఇక్కడి పిల్లలు మనకంటే సులువుగా చదవగలరు. మాచర్ల, దుర్గి, గురజాల, పెదనందిపాడు వైపు మూలాలున్న కుటుంబాలు తమ ఇంటి పెద్దలకు ఈ వారమే ఫోన్ చేసి, పుల్లరి గురించీ పన్నుల నిరాకరణ రోజుల గురించీ వాళ్లు తమ తాతముత్తాతల దగ్గర విన్నది అడిగి, రికార్డు చేసి పంపండి. ఆ తరంలో మిగిలిన వాళ్లు కొద్దిమందే. రాజకీయ వంతగా ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయిని నిలబెడదాం. తన ఊరి అడవిలో తన ఆవును మేపుకోవడానికి రైతు ఎవరికి, ఎందుకు డబ్బు కట్టాలని ఆమె కథకుణ్ణి అడగాలి. వచ్చిన రికార్డింగులను రాతలో పెట్టే పని నేను తీసుకుంటాను.